మూడు గోటీల నిమ్మళం

మట్టిలో గెలిస్తే జేబు నిండేది. ఫోన్‌లో గెలిస్తే తెర ఖాళీ అవుతుంది. మరి ఆ ఖాళీలో అంత హాయి ఎక్కడిది? కరీంనగర్ చెల్క నేలల నుంచి ఆదిలాబాద్ నల్లరేగడి దాకా రంగు గోలీల వెంట నడిస్తే దొరికిన జవాబే ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

రాత్రి పది కావొస్తోంది. కోరుట్లలో మా మేనత్త ఇంటి వాకిట్లో నులక మంచం. ఆమె గోడకు ఒరిగి కూర్చుంది. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, చేతిలో కొడుకు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన ఫోన్. తెర మీద పాములా మెలికలు తిరిగిన దారి. ఆ దారి వెంట ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గోలీలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వస్తున్నాయి. ఆమె బొటనవేలు తాకినప్పుడల్లా మధ్యలోంచి ఒక గోలీ దూసుకెళ్లి వరసలో దూరుతోంది. ఒకే రంగువి మూడు చేరాయా, టప్‌మని మాయం.

“ఏం ఆడుతున్నవ్ అత్తా?”

“గోటీల ఆట బిడ్డా. ఒక్క తీరువి మూడు కలిస్తే పోతయి.”

“పోతే ఏమొస్తది?”

తల ఎత్తకుండానే నవ్వింది. “ఏమొస్తది? ఏం రాదు. అన్నీ పోతే నిమ్మళమైతది.”

ముప్పై ఏళ్లు బీడీలు చేసిన చేతులవి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పక్కన తంబాకు. ఆకు కత్తిరించు, తంబాకు పరువు, చుట్టు, దారం కట్టు, కొస మడువు. 25 అయితే ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. పొద్దుగూకే లోపు వెయ్యి చేయాలని ఒకప్పుడు ఆమె పరుగు. ఆ వేళ్లే ఇప్పుడు తెర మీద లెక్క పెడుతున్నాయి. ఈసారి లెక్క పెరగడానికి కాదు, తరగడానికి.

ఆమె మాట నన్ను వదల్లేదు. మాకు తెలిసిన గోటీలాటలో అన్నీ పోతే ఏడుపొచ్చేది. నిమ్మళం ఎట్లా వస్తుంది?

చెల్కలో గుంత.. రేగడిలో నెర్రె

మా చిన్నప్పుడు గోటీ అంటే ఆస్తి. నిక్కరు జేబులో ఎన్ని ఉన్నాయో నడకలోనే తెలిసిపోయేది, గలగలమని. కరీంనగర్‌లో మేమున్న వాడ నేల ఎర్ర చెల్క. మడమ ఆనించి ఒంటికాలి మీద గిర్రున తిరిగితే గుంత తయారు. నాలుగు అడుగుల అవతల గీత. గీత మీంచి విసిరితే ఎవరిది గుంతలో పడుతుందో, లేదా గుంతకు దగ్గరగా ఆగుతుందో వాళ్లది ముందు ఆట. మిగతావాళ్లు ఏ గోటీని చూపిస్తే దాన్నే కొట్టాలి. పక్కదానికి తగిలితే దండుగ. ఎడమచేతి వేలి కొసన గోటీ ఆనించి, కుడిచేత్తో ఆ వేలిని విల్లులా వెనక్కి వంచి వదిలితే, నాలుగు గజాల అవతలి గోటీ ‘టక్’మని ఎగిరిపోవాలి. గురి కుదిరిన రోజు అన్నం కూడా యాదికి రాదు.

ఆట మొదలయ్యే ముందే ఒప్పందం జరిగేది: ఉత్తుత్త ఆటనా, నిజం ఆటనా? ఉత్తుత్త అయితే చివర్లో ఎవరివి వాళ్లకు. నిజం ఆట అయితే గెలిచినోడి జేబులోకే. ఓడినోడు పిడికిలి నేలకు ఆనిస్తే, గెలిచినోడు వేళ్ల కణుపుల మీద గోటీతో కొట్టే శిక్ష వేరు. సాయంత్రానికి కణుపులు వాచేవి. అమ్మ అడిగితే బడి తలుపు సందులో పడిందని చెప్పేవాళ్లం.

తర్వాత నాన్నకు ఆదిలాబాద్ బదిలీ అయింది. అక్కడ మాకు కొత్త కష్టం వచ్చిపడింది. నల్లరేగడి. వానాకాలం కాలు పెడితే చెప్పు ఊడి రాదు, గోటీ దొర్లదు. ఎండాకాలం వస్తే నేల నెర్రెలు విచ్చేది. గురి చూసి కొట్టిన గోటీ దొర్లుకుంటూ పోయి నెర్రెలో పడిందంటే ఇక అంతే సంగతులు. పుల్ల పెట్టి కెలికినా, చెయ్యి దూర్చినా దొరికేది కాదు. ఆ ఊరి భూమి కడుపులో నావి ఓ పది గోటీలైనా ఉంటాయి. చివరికి మొరం పోసిన బడి జాగనే మా మైదానం అయింది.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. మహారాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడ్డ ఇండ్ల పిల్లలు కూడా మాలాగే ‘గోటీ’ అనేవాళ్లు. మరాఠీలోనూ అదే మాట, ఒకటైతే గోటీ, చాలా అయితే గోట్యా. కోస్తా చుట్టాలు వచ్చి ‘గోళీలు’ అంటే మాకు నవ్వొచ్చేది. పెన్‌గంగ ఒడ్డున ఆటకు భాష అడ్డం రాలేదు. లెక్క దగ్గర మాత్రం రోజూ పంచాయితే.

కత్తెర నుంచి సోడా దాకా

అప్పట్లో గోటీ లోపలి రంగు పాయ ఎట్లా దూరిందన్నది మాకు పెద్ద చిక్కుముడి. పగలగొట్టి చూసినా అర్థం కాలేదు. దాని వెనక జర్మనీ గాజు పనివాళ్ల తెలివి ఉందని చాలా ఏళ్లకు చదివాను. లౌషా అనే ఊరు గాజు పనికి పేరున్నది. 1840ల్లో అక్కడి ఎలియాస్ గ్రైనర్ ఒక ప్రత్యేకమైన కత్తెర తయారుచేశాడు. దాని ఒక కొసన గిన్నెలాంటి అచ్చు ఉంటుంది. రంగు పాయలు కలిపి సాగదీసిన వేడి గాజు కడ్డీని ఆ అచ్చులో పెట్టి తిప్పుతూ కత్తిరిస్తే గోలీ రాలిపడేది. అంతకుముందు రాతితో, మట్టితో చేసినవే ఎక్కువ. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో మార్టిన్ క్రిస్టెన్‌సెన్ యంత్రంతో గోలీలు తీయడం మొదలుపెట్టాక గాజు గోలీ చవకై ప్రపంచమంతా దొర్లింది.

మన దగ్గర గోలీకి ఇంకో కొలువు కూడా దొరికింది. అదే గోలీ సోడా. లండన్‌కు చెందిన హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ పొందిన సీసా అది. మెడలో గోలీ, మూతి దగ్గర రబ్బరు చుట్టు. సీసాను తలకిందులు చేసి గ్యాసు నింపితే ఆ ఒత్తిడికి గోలీ వచ్చి రబ్బరుకు అంటుకుంటుంది. బొటనవేలితో నొక్కితే ‘కీచ్’మని చప్పుడు చేసి లోపలికి జారుతుంది. తాగేటప్పుడు మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు దాన్ని పట్టి ఉంచుతాయి. జాతర్లలో సోడా తాగి, సీసాలోని ఆ గోటీ మీద ఆశ చావక, బండివాడి చుట్టూ తిరిగిన పిల్లల్లో నేనూ ఒకణ్ని. కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, చేతికి మాత్రం రాదు. ఇప్పుడు ఆలోచిస్తే, గాజు వెనక దొర్లే గోలీని నేను మొదట చూసింది ఫోన్‌లో కాదు, సోడా బుడ్డిలో.

రష్యాలో పుట్టిన ‘గోలీలు’

గోలీ తెర మీదికి చేరిన దారిలో మాస్కో కూడా ఉంది. 1980ల మధ్యలో అక్కడి సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ రాశాడు. పైనుంచి పడే ముక్కలను పేర్చి వరస నిండిస్తే ఆ వరస మాయమవుతుంది. నిండితేనే ఖాళీ అయ్యే ఆ కిటుకు ప్రపంచాన్ని కట్టిపడేసింది. 1994లో యెవ్గెనీ అలెమ్‌జిన్ అనే మరో రష్యన్ ప్రోగ్రామర్, పక్కపక్క బొమ్మలను అటూ ఇటూ మార్చి ఒకే రంగువి మూడు కలిపితే మాయమయ్యే ఆట తయారుచేశాడు. దాని పేరు ‘షారికి’. రష్యన్‌లో ఆ మాటకు చిన్న చిన్న బంతులని అర్థం. మన మాటలో చెప్పాలంటే గోలీలే. 2001లో వచ్చిన ‘బిజువెల్డ్’కు, 2012లో వచ్చి బస్సులో, రైల్లో అందరి చేతుల్లో కనిపించిన ‘క్యాండీ క్రష్ సాగా’కు ముత్తాత ఇదే.

దారి వెంట దొర్లే గోలీల ఆట పుట్టింది జపాన్‌లో. మిచెల్ కార్పొరేషన్ అనే సంస్థ 1998లో ‘పజ్ లూప్’ పేరుతో ఆర్కేడ్ యంత్రాల్లోకి తెచ్చింది. 2003 చివర్లో అమెరికాలోని పాప్‌క్యాప్ సంస్థ ‘జూమా’ను విడుదల చేసింది. మధ్యలో రాతి కప్ప, చుట్టూ సుడులు తిరిగే దారి, ఆ దారి చివర నోరు తెరిచిన పుర్రె. కప్ప నోట్లోంచి గోలీ వదిలి, పుర్రె నోట్లో పడేలోపు వరస మొత్తాన్ని కరిగించాలి. ఇది తమ ఆటకు నకలేనని జపాన్ సంస్థ గొడవ చేసింది కూడా. 2005లో ఈజిప్టు పిరమిడ్ల వేషంతో ‘లక్సర్’ వచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటికి లెక్కలేదు.

డిగ్రీ రోజుల్లో నెట్ సెంటర్లో ఎవరో ఎక్కించిపెట్టిన జూమాను మేం ‘కప్ప ఆట’ అనేవాళ్లం. పరీక్షల ఫలితాలు తెరుచుకునేదాకా కప్పను తిప్పుతూ కూర్చోవడమే పని. ఫలితం చూడ్డానికి కొన్న గంటలో ముప్పావు గంట కప్పకే పోయేది. జూమా చేసిన పాప్‌క్యాప్‌ను 2011లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉంది. అంటే కరీంనగర్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా చేరుకునేంత దూరంలో మనవాళ్లూ ఈ ఆటల కొలువులో ఉన్నారన్నమాట.

ఈ గోలీల వరస ఆటలో అసలు రుచి ఒక చిన్న కిటుకులో ఉంది. ఎరుపు గోలీల మధ్య మూడు నీలాలు ఇరుక్కున్నాయనుకోండి. ఆ నీలాలను మాయం చేస్తే మధ్యలో సందు పడుతుంది. సందుకు అటూ ఇటూ ఎరుపే ఉంటే ఆ రెండు కొసలూ అయస్కాంతంలా ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కలిసిన ఎరుపులు మూడుకు తగ్గకపోతే అవీ మాయం. వాటి వెనక పసుపు కలిస్తే అదీ. ఒక్క దెబ్బకు గొలుసు మొత్తం తెగిపోతుంది. దీనికోసం ఆడేవాళ్లు ముందే రంగులు ఏర్చి పెట్టుకుంటారు. మా అత్త కూడా అంతే. ఎదురుగా మూడు పచ్చలు కలిసే అవకాశం ఉన్నా వదిలేస్తుంది. “ఆగు, ఎనకకు ఇంకోటున్నది” అంటుంది.

లోపల జరిగేదేంటి?

మూడు నిమిషాల ఆటలో మనసుకు ఏం దొరుకుతుంది? మొదటిది, పని పూర్తవుతుంది. మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తయిన పనులకన్నా మధ్యలో ఆపేసిన పనులే జనానికి ఎక్కువగా గుర్తున్నాయి. తర్వాతివాళ్లు మళ్లీ చేసి చూస్తే ఫలితం అన్నిసార్లూ అలాగే రాలేదు. అయినా తెగని పని మెదడులో ముల్లులా గుచ్చుతూనే ఉంటుందని చెప్పడానికి మనకు ప్రయోగశాల అక్కర్లేదు. కొడుకు వీసా గడువు, బిడ్డ కానుపు, బోరులో నీళ్లు, పత్తి ధర.. ఇవేవీ ఇవ్వాళ తెగేవి కావు. గోలీల వరస మాత్రం తెగుతుంది, ఇప్పుడే, మన చేత్తోనే.

రెండోది, కంటికి క్షణం తీరిక ఉండదు. రంగు చూడాలి, దారి చూడాలి, తర్వాత వచ్చే గోలీ ఏదో చూడాలి. చింతకు చోటు ఉండదు. బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో దీన్ని ఆసుపత్రిలోనే పరీక్షించి చూశారు. రోడ్డు ప్రమాదాల తర్వాత ఆరు గంటల్లోపు జాన్ రాడ్‌క్లిఫ్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న 71 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి ప్రమాదాన్ని ఓసారి గుర్తు చేసి టెట్రిస్ ఆడించారు. ఆ వారంలో, పిలవకుండానే కళ్లముందుకు దూసుకొచ్చే భయం జ్ఞాపకాలు వాళ్లలో 62 శాతం తక్కువగా కనిపించాయి. 2017లో వెలువడ్డ ఈ అధ్యయనం చిన్నదే. దీన్నిబట్టి ఆటే మందు అనుకుంటే పొరపాటు. కానీ రంగుల్నీ ఆకారాల్నీ పేర్చే పని, మనసులో బొమ్మలు మెదిలే చోటునే ఆక్రమిస్తుందన్న ఊహకు అది బలమిచ్చింది.

అమెరికాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం కూడా ఇలాంటి తేలిక ఆటలు ఆడినవారిలో ఒత్తిడి తగ్గి, మనసు కుదుటపడిందని చెప్పింది. అయితే దానికి డబ్బు పెట్టింది ఆ ఆటలు అమ్మే పాప్‌క్యాప్ సంస్థే. బెల్లం అమ్మేవాడే తీపి చూసి చెప్పినట్టన్నమాట. విని, పక్కన పెట్టుకోవాల్సిందే.

చింతగింజ చెప్పిన పాఠం

గింజలు ఏరి, పంచి, ఖాళీ చేసే ఆట మన ఇండ్లలో కొత్తదేం కాదు. ఓమనగుంతల పీట చూసినవాళ్లకు తెలుసు. వామనగుంటలన్నా అదే. రెండు వరసలు, వరసకు ఏడు గుంతలు, గుంతకు ఇన్నని చింతగింజలు. ఒక గుంతలోవి తీసి తర్వాతి గుంతల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంతలోవి తీసి మళ్లీ పంచాలి. అక్కడ ఖాళీ గుంత ఎదురైతేనే పండగ. ఆ ఖాళీని వేళ్లతో ఒక్కసారి తుడిచి, దాని అవతలి గుంతలోని గింజలన్నీ ఒళ్లో వేసుకోవాలి. గెలుపు ఎక్కడుందో చూడండి, ఖాళీ పక్కనే.

చింతగింజది మన దగ్గర చిత్రమైన జాతకం. ఆడపిల్లల ఒళ్లో ఆటకాయ. నిర్మల్‌లో నకాషీ పనివాళ్ల చేతిలో అదే బొమ్మకు ప్రాణం. పొనికి చెక్కతో చెక్కిన పండ్లు, పక్షుల ముక్కలను అతకడానికి, రంగు వేసే ముందు గరుకుతనం పోయేలా పూయడానికి చింతగింజల జిగురే వాడతారు. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న ఆ నిర్మల్ బొమ్మల నునుపు వెనక ఉన్నది, వాకిట్లో పిల్లలు పోగేసుకునే గింజే. ఆటకూ పనికీ మధ్య మనవాళ్లు పెద్ద గోడ కట్టలేదు. బీడీలు లెక్కపెట్టే వేళ్లు, గింజలు పంచే వేళ్లు, పూలు పేర్చే వేళ్లు ఒక్కటే.

32 గోటీల చిక్కు

ఖాళీ చేయడమే గెలుపైన ఆట ఇంకోటీ ఉంది. వేసవి సెలవుల్లో చాలా ఇండ్లలో కనిపించే గుండ్రటి ప్లాస్టిక్ పలక గుర్తుందా? మన దేశంలో ‘బ్రెయిన్‌విటా’ పేరుతో అమ్ముడుపోయిన ఆట అది. 33 గుంతలు, 32 గోటీలు, నడిమధ్య గుంత ఖాళీ. ఒక గోటీని పక్కదాని మీంచి దూకించి ఖాళీ గుంతలో పెడితే, మధ్యలోది తీసేయాలి. అలా 31 దూకుళ్ల తర్వాత ఒక్కటే మిగలాలి, అదీ నడిమధ్య. ఈ ఆట ఎంత పాతదంటే, 1697 నాటి ఒక ఫ్రెంచి చిత్రంలో ఓ రాజవంశపు మహిళ పక్కన దీని పలక కనిపిస్తుంది. ఒకే గోటీ వరసగా చేసే దూకుళ్లన్నీ ఒక్క ఎత్తుగా లెక్కేస్తే మొత్తం 18 ఎత్తుల్లో ముగించవచ్చని 1912లో ఎర్నెస్ట్ బెర్గోల్ట్ చూపించాడు. అంతకన్నా తక్కువలో కుదరదని 1964లో జాన్ బీస్లీ నిరూపించాడు. చాలామందికి మూడో నాలుగో మిగిలిపోతాయి. అవి ఒకదానికొకటి అందనంత దూరంగా, మూలమూలకు కూర్చుని ఉంటాయి. మళ్లీ మొదటికి రావాల్సిందే.

పూల వరస.. నీళ్ల దారి

రంగు పక్కన రంగు పేర్చడంలో ఉత్తర తెలంగాణ ఆడవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బతుకమ్మ రోజు పొద్దున మా ఇంట్లో కనిపించే దృశ్యం ఇది. చాపంతా పరిచిన పూలు. గునుగు పూలను ఒకే ఎత్తున కోసి, కట్టలు కట్టి, కొసలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. తాంబాళంలో ఆకులు పరిచి, అంచు వెంట ఒక చుట్టు తంగేడు. దాని మీద ఒక చుట్టు ఎర్ర గునుగు. ఆపైన బంతి. మళ్లీ తెల్ల గునుగు, నీలం గునుగు, కట్ల పూలు. మధ్యలో పడే ఖాళీని ఆకుల ముక్కలతో నింపుకుంటూ, చుట్టు చుట్టుకూ కొద్దిగా లోపలికి జరుపుతూ గోపురంలా పైకి. ఒక వరసలో ఒక పువ్వు పొట్టిదైతే చాలు, అత్త చూపు అక్కడే ఆగుతుంది. “ఆ పువ్వు తియ్, వంకరున్నది.” చివరికి గుమ్మడి పువ్వు, దానిమీద పసుపు గౌరమ్మ.

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. వేములవాడలో మాత్రం ఏడో నాడే సద్దుల బతుకమ్మ చేసుకుంటారు. 2014లో తెలంగాణ ఏర్పడగానే రాష్ట్ర పండుగగా ప్రకటించింది దీన్నే. ఒక్కో పువ్వూ ఏరి, పొద్దంతా కూర్చుని పేర్చినదాన్ని, సాయంత్రం చుట్టూ ఆడి, రాత్రికి మానేరు నీళ్లలోనో ఊరి చెరువులోనో వదిలేస్తారు. కాసేపు తేలుతూ పోతుంది. తర్వాత వరస చెదిరి, రంగులు విడిపోయి, నీళ్ల మీద ఒట్టి పూలు. ఎవరూ ఏడవరు. మలీద పంచుకుని ఇంటికి వస్తారు.

మా అత్త జవాబు నాకు ఇక్కడ అర్థమైంది. పిల్లలకు జేబు నిండాలి, ఎందుకంటే వాళ్ల జేబు ఖాళీ. పెద్దవాళ్లకు నిండుగా ఉన్నది తల. దాన్ని వరసగా పేర్చుకుని, నీళ్లలో వదిలినట్టు వదిలేయగలిగితే అదే వాళ్ల గెలుపు. రంగు గోలీలను కలిపి మాయం చేసే ఆట ఎక్కడో రష్యాలో, జపాన్‌లో పుట్టి ఉండొచ్చు. పేర్చి వదిలేయడం ఆ నులకమంచం మీది మనిషికి ఎప్పటినుంచో తెలుసు.

నిజం ఆటా? ఉత్తుత్త ఆటా?

అయితే బతుకమ్మకు, ఈ ఆటకు ఒక పెద్ద తేడా ఉంది. పండుగకు చివరి రోజు ఉంటుంది. ఫోన్ ఆటకు ఉండదు. వెయ్యో మెట్టు దాటితే వెయ్యిన్నొకటి వస్తుంది. ‘కొద్దిలో పోయింది, ఇంకొక్కసారి’ అనిపించేలా తీర్చిదిద్దడం ఈ వ్యాపారంలో పెద్ద విద్య. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు అయిపోతే, ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట ఆగాలి. ఆగలేనివాళ్ల కోసమే పక్కన డబ్బు బొత్తాం. చాలా ఉచిత ఆటల్లో ప్రతి రెండు మెట్లకూ ఒక ప్రకటన అడ్డొస్తుంది. నిమ్మళం కోసం కూర్చున్న మనిషికి అప్పు యాప్ గురించి అరుపులు వినిపిస్తాయి.

ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టమని తెలిసినా ఆపలేకపోవడం.. వీటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’గా గుర్తించింది. 2019లో ఆమోదించిన ఆ కొత్త వ్యాధుల పట్టిక 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. రోజూ అరగంట గోలీలు కలిపేవాళ్లందరికీ రోగమని దాని అర్థం కాదు. ఆట మన చేతిలో ఉందా, మనం ఆట చేతిలో ఉన్నామా అన్నదే కొలత.

ఇక పందెం సంగతి. చిన్నప్పటి ఆ ప్రశ్నే మళ్లీ: నిజం ఆటనా, ఉత్తుత్త ఆటనా? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. రంగు గోలీల ఆట పందెం కాదు. కానీ అదే తెర మీద, అదే రంగుల్లో, ‘గెలిస్తే నగదు’ అంటూ పందెం యాప్ ప్రకటన రావచ్చు. మా కాలంలో నిజం ఆట ఓడితే పోయేవి పది గోటీలు. ఇప్పుడు పోయేవి గల్ఫ్ నుంచి వచ్చిన నెల జీతాలు.

నిమ్మళంగా ఆడాలంటే..

* ఆడే ముందే ఎన్ని మెట్లో అనుకోండి. మెట్టు పూర్తయ్యాక ఆపండి, ఓడిన కోపంలో కాదు. గెలిచి లేస్తే మనసు తేలిక, ఓడి లేస్తే వేలు మళ్లీ ఫోన్ మీదికే పోతుంది.
* ఇంటర్నెట్ లేకుండా నడిచే ఆటలు చాలా ఉన్నాయి. డేటా ఆపేస్తే వాటిలో ప్రకటనల బెడద చాలావరకు తగ్గుతుంది.
* గడియారంతో పరుగెత్తించే రకం కన్నా, ఎంతసేపైనా ఆలోచించుకోనిచ్చే రకం మేలు.
* పెద్దవాళ్ల ఫోన్‌లో యూపీఐ, కార్డు వివరాలు ఆట యాప్‌కు జత కాకుండా చూడండి. డబ్బులు, బంగారం ఆశ చూపే ప్రకటనలు నొక్కొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పండి.
* ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా కనిపించనివారు గోలీల మీద గుర్తులు కూడా ఉండే ఆట ఎంచుకోండి.
* చీకట్లో పడుకుని ఆడొద్దు. దీపం ఉండాలి, మెడ నిటారుగా ఉండాలి.
* వారానికోసారి పిల్లలతో ఓమనగుంతలో, అష్టాచెమ్మో ఆడండి. తెర మీది గోలీ అలిగి పోదు, పక్కవాళ్లతో పంచాయితీ పెట్టుకోదు. ఆ రుచి మనుషుల మధ్యే దొరుకుతుంది.

పదిన్నర

వాకిట్లో మళ్లీ టప్ టప్. మధ్యమధ్యలో అత్త తెర మూలన గడియారం వైపు చూస్తోంది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పదిన్నర. డ్యూటీ దిగి, రూముకు చేరి, స్నానం చేసి, వంట వంతు లేకపోతే ఆ వేళకు కొడుకు ఫోన్ చేస్తాడు. అప్పటిదాకా ఈ గోటీలు. ఆమె ఆట ఎందుకు ఆడుతోందో అప్పుడు గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఎదురుచూపు బరువును ఒక్కొక్క రంగూ తీసి పక్కన పెడుతోంది.

వరస చివరికి వచ్చేసింది. ఇంకో పది గోలీలు ఉన్నాయేమో. చేతిలో ఎరుపు, ఎదురుగా రెండు ఎరుపులు, వాటి వెనక ఆమె ఇంతసేపు కాపాడుకుంటూ వచ్చిన పసుపు జంటలు. ఒక్క దెబ్బ వేస్తే మొత్తం పోతుంది. నేను కూడా ముందుకు వంగాను.

ఫోన్ మోగింది. గోలీల మీద కొడుకు ముఖం పరుచుకుంది.

“తిన్నవా బిడ్డా?”

అరగంట మాట్లాడింది. బావి దగ్గర కరెంటు సంగతి, చెల్లె పెండ్లి మాట, అక్కడి ఎండ, ఇక్కడి వాన. అయిపోయాక ఫోన్‌ను దిండు పక్కన బోర్లా పెట్టి, కళ్లద్దాలు తీసి దానిమీద పెట్టింది.

“ఆ ఆట గెలిచేది గదా అత్తా. ఒక్కటే దెబ్బ ఉండె.”

“ఉండనీ తియ్. ఎటు పోతయి” అని అటు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక.